రెండో నంబరు ఎవరిది?

దెయ్యాలని నేనెప్పుడూ నమ్మలేదు. చదివింది కంప్యూటర్లు, చేసేది ఆఫీసులకి నెట్‌వర్కులు వెయ్యడం. నా అనుభవంలో అంతుచిక్కని శక్తులన్నీ చివరికి వదులైన కేబుళ్లుగానే తేలాయి.

వానాకాలం చివర్లో ముంచింగిపుట్టు దాటి, కొండమీద ఒక చిన్న ఆస్పత్రికి వెళ్లాను. ఉన్నవి నాలుగే: రూటరు, కింద పట్నంలోని డాక్టరుతో మాట్లాడే, తెర ఉన్న వీడియో కెమెరా, కంప్యూటరు, ప్రింటరు. ఒక్కోదానికి ఒక ఐపీ అడ్రసు ఇవ్వాలి. ఇళ్లకి డోర్ నంబర్లలాంటివి. ఒకే నంబరు రెండిళ్లకి పడితే పని ఆగిపోతుంది. వరసగా ఒకటి నుంచి నాలుగు దాకా ఇచ్చాను. కెమెరాకి రెండు వచ్చింది. సెల్‌ఫోన్లకి వంద నుంచి పైన. పరీక్షించాను, అన్నీ పనిచేశాయి.

మధ్యాహ్నం నర్సు పార్వతి భోజనం పెట్టింది. ఆమెది పక్క ఊరే. కొత్త సామల అన్నం. నాకు వడ్డించేముందు ఒక ముద్ద ఆకులో తీసి గుమ్మం పక్కన పెట్టింది.

“మా పోయిన పెద్దోలకి సర్. కొత్తదేదైనా ముందు ఆలకే. మీ నంబర్లలో ఆలకేటి తీసినారు?”

“వాళ్లకి ఇంటర్నెట్ ఎందుకమ్మా?”

“మాకూ ఎందుకనే అన్నారు సర్, ఇన్నాళ్లూ.”

ఇద్దరం నవ్వుకున్నాం.

చేతులు కడుక్కుంటుండగా డోలీలో ఒక బాలింతని మోసుకొచ్చారు. ఇంట్లోనే కాన్పయిందట, రక్తం ఆగడంలేదు. వాగు పొంగి అంబులెన్సు అవతలే ఉండిపోయింది. ఫోన్లకి సిగ్నల్ లేదు, ఉన్నది డిష్ నుంచి రూటరుకొచ్చే నెట్ ఒక్కటే. డాక్టరు చూసి చెబితే తప్ప పార్వతి ఒక్కతే గట్టెక్కించగలిగేది కాదు.

కెమెరా ఆన్ చేశాను. తెరమీద ఒకటే వాక్యం: ఈ అడ్రసు వేరొకరు వాడుతున్నారు.

వైఫై ఆపేశాను. కంప్యూటరు, ప్రింటరు తీగలు పీకాను. కెమెరా కూడా పీకి, నా ల్యాప్‌టాప్ ఒక్కటే రూటరుకి తగిలించి రెండో నంబరుని పింగ్ చేశాను. అంటే తలుపు తట్టి ‘ఉన్నారా’ అని అడగడం. అక్కడ ఎవరూ ఉండటానికి వీల్లేదు.

ఉన్నామని జవాబొచ్చింది. మళ్లీ తట్టాను. మళ్లీ వచ్చింది.

కెమెరాకి వేరే నంబరు ఇస్తే సరిపోతుంది. అంత చదువుకున్నా ఆ ముక్క నాకు తట్టలేదు. ఆ ఉన్నదెవరో తేల్చాలన్న పంతంలో ఉన్నాను.

“ఏటి సేత్తన్నారు సర్?” లోపల్నించి పార్వతి కేక.

“రెండులో ఎవరో ఉన్నారు!”

“అయితే ఆలకే ఒగ్గీండి! బేగి! మనిషి సల్లబడిపోతంది!”

రెండుని వాళ్లకే వదిలేసి, కెమెరా మళ్లీ తగిలించి ఐదు ఇచ్చాను. వెంటనే డాక్టరమ్మ మొహం కనిపించింది. ఆమె చెబుతూ పోయింది, పార్వతి చేస్తూ పోయింది. నేను కెమెరా పట్టుకుని నిలబడ్డాను. డాక్టరమ్మ ఎటు చూపమంటే అటు తిప్పాను. చాలాసేపటికి రక్తం ఆగింది. బాలింత నీళ్లడిగింది.

అప్పుడు మళ్లీ రెండుని తట్టాను. ఉలుకూ పలుకూ లేదు.

తర్వాత రూటరు మార్చి చూశాను, కేబుళ్లు మార్చి చూశాను. కారణం ఈరోజుకీ తెలీదు. వదులైన కేబులు దొరికుంటే ఇది రాసే శ్రమ తప్పేది.

ఇప్పుడు విశాఖలో నెట్‌వర్క్ వేసినా రెండో నంబరు ఖాళీగా వదులుతాను. మేనేజరు అడిగితే ముందుముందు పనికొస్తుందంటాను. అక్కడ ఎవరైనా ఉన్నారేమోనని మాత్రం తట్టి చూడను. భోజనాల వేళ అయితే బాగుండదు.