దగ్గి లోపలికి వచ్చే మనిషి

మా సీనియర్ వకీలు సారు పోయారని ఆయన భార్య ఫోన్ చేసి చెప్పింది. "దగ్గుతాంటే ఎప్పటి అలవాటే అనుకున్న బిడ్డా. లోపట ఊపిరితిత్తులే కరాబైనయట" అని ఏడ్చింది. మేమూ అలవాటనే అనుకున్నాం. ఇంత దుర్మార్గపు చావు పగవాడికి కూడా వద్దు.

ఆ దగ్గు సంగతి చెప్పాలి. వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో మగవాడు ఎవరి పెరట్లోకైనా పోయేముందు ఒకసారి దగ్గుతాడు, లోపల ఆడవాళ్లు పైట సర్దుకుంటారు. సారు ఆ అలవాటును కోర్టుకూ తెచ్చారు. సొంత ఆఫీసు గదిలోకి కూడా దగ్గే వచ్చేవారు. జూనియర్లం చాటుగా నవ్వుకునేవాళ్లం.

"నవ్వుండ్రి, నవ్వుండ్రి. ఇంకొకల ఇంట్లకు పోయేటోనికి జర సిగ్గుండాలె" అనేవారు.

ఆయన చివరి పెద్ద కేసు బీడీలు చుట్టే ఒకామెది. గుడుంబా, అదే నాటుసారా, కాస్తున్నారని పోలీసులు వాళ్ల వాడ మీద డ్రోన్ ఎగరేశారు. గుడుంబా దొరకలేదు. పెరట్లో కప్పు లేని గదిలో స్నానం చేస్తున్న ఆమె దొరికింది. ఆ వీడియో ఎట్లా బయటపడిందో ఏ ఆఫీసరూ చెప్పలేదు గానీ, ఊళ్లో అది లేని ఫోన్ లేదు.

ఆమె వచ్చి ఒక్కటే అడిగింది. "సారూ, నా ఇంట్ల నేను నిమ్మళంగ తానం చెయ్యాలె. గంతే."

సారు రైలెక్కి హైకోర్టుకు పోయారు, వెంట ఆమే నేనూ పోయాం. వారంటు లేకుండా గడప దాటకూడని పోలీసు ఆకాశంలోంచి పెరట్లోకి దిగవచ్చా, రాజ్యాంగం ఇచ్చిన స్వేచ్ఛ స్లాబు ఉన్న ఇళ్లకేనా అని వాదించారు. తమవాళ్లెవరూ లోపల కాలే పెట్టలేదన్నాడు అవతలి వకీలు. సారుకు ఒళ్లు మండింది.

"మా దిక్కు తాగుబోతు సుత పెరట్లకు దగ్గి పోతడు. మీ డ్రోన్ దగ్గిందా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే, అందులో ఉన్నది ఈమేనా అని రుజువు కావాలంటూ అవతలివాళ్లు వీడియో పెట్టారు. సారు తెరకు వీపు తిప్పి నిలబడ్డారు. మిగతావాళ్లంతా చూశారు. ఆమె మూల కుర్చీలో తల వంచుకుని కూర్చుంది.

గెలిచాం. వారంటు లేనిదే ఇళ్ల మీద ఎగరేయొద్దని, వీడియో చెరిపేయాలని తీర్పు. నేను మిఠాయి తెస్తే సారు ముట్టలేదు. "తీర్పు కప్పుకొని తానం చేస్తదారా ఆమె?" అని కసిరి, ఆ వారమే దగ్గరుండి ఆ గదికి రేకులు వేయించారు.

చావుకు ఆమె వచ్చింది. శవం పక్కన నిలబడి ఏడుస్తుంటే, వెనకాల ఒకడు ఫోన్ తీసి, దాన్నీ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. పక్కవాడు నవ్వాడు. తీర్పు చెరిపేయమంది కదా, థూ!

కాటి నుంచి వచ్చాక నీళ్లు పోసుకుందామని సారు ఇంటి పెరట్లోకి పోయాను. స్నానాల గదిలో చప్పుడైంది. ఆగి దగ్గాను.

"ఫికర్ లేదు సారూ, చీర మీదనే పోస్కుంటాన" అని లోపలి నుంచి ఆమె గొంతు.

"అవునమ్మా, చావింటి స్నానం బట్టల మీదనే కదా."

"కాదు సారూ. మా ఇంట్ల సుత రోజు గిట్లనే. రేకులు ఏసినంక సుత గిట్లనే."

తలుపు తెరుచుకుంది. నీళ్లు కారే చీరతో ఆమె బయటికి వచ్చి, ముందు పైకి చూసింది. తరువాత నన్ను చూసింది.