కాగితం మీద పెరూలో ఉండిపోయిన బాసిలియా

మా వంతెన గురించి నాకంటే బాగా చెప్పగలిగినవాడు ఇటు బొలీవియాలో లేడు, అటు పెరూలో లేడు. ఏడో తరగతి సగంలో బడి మానేసి మూడు చక్రాల బండి పట్టాను. అప్పటినుంచి ఈ వంతెన మీద నేను దాటించని వస్తువు లేదు. ఒకసారి వడగళ్ళవానలో ఏడువందల కోడిగుడ్లు దాటించాను. ఒక్కటీ పగల్లేదు గానీ, ఒకదాంట్లోంచి సరిగ్గా వంతెన నడిమధ్యన పిల్ల బయటికొచ్చింది. అది ఏ దేశపు కోడో తేల్చలేక రెండువైపుల అధికారులూ పొద్దుగూకే దాకా తలలు పట్టుకున్నారు. నమ్మకపోతే మీ ఇష్టం. ఇప్పుడు చెప్పబోయే బాసిలియా చురాతా సంగతి మాత్రం నమ్మి తీరాలి. ఇందులో నేను కలిపింది చాలా తక్కువ.

బాసిలియత్త పీట మా వైపు వంతెన మొదట్లో ఉంటుంది. నీలం గొడుగు, ఒళ్ళో చెక్కపలక, మూడు కలాలు. ముప్ఫయ్యేళ్ళుగా ఆమె పని దాటేవాళ్ళకు ప్రవేశ పత్రాలు నింపిపెట్టడం. పేరు, గుర్తింపు కార్డు నంబరు, ఎన్ని రోజులుంటారు, ఎక్కడ దిగుతారు, ఎందుకు వెళ్తున్నారు. చదువు రానివాళ్ళకూ, కళ్ళజోడు ఇంట్లో మరిచినవాళ్ళకూ, మా భాష తెలియని దూరదేశాల కుర్రకారుకూ ఆమె చేయే దిక్కు. రాస్తూ ఊరుకోదు, హెచ్చరిస్తుంది.

"పాస్‌పోర్టుకి ఇంకో ఆర్నెల్ల ఆయుష్షుండాలి నాయనా, నీదానికి నాలుగే ఉంది. ఏమ్మా, అడవి వైపు పోతున్నావా? ఎల్లో ఫీవర్ టీకా పది రోజుల ముందే పొడిపించుకోవాలి, బస్సెక్కేటప్పుడు కాదు. ఈ పిల్లని తీసుకెళ్తున్నావు, తండ్రి సంతకమేదీ? తాగి పడున్నాడంటే కుదరదు, లేపి పెట్టించుకురా."

పెరూ వెళ్ళడానికి మాకు పాస్‌పోర్టు అక్కర్లేదు, గుర్తింపు కార్డు చాలు. తొంభై రోజుల దాకా ఉండి రావచ్చు. మిగతా లోకమంతా అలా లేదని ఆమెకు ఎప్పుడు తెలిసిందో గానీ, అప్పటినుంచి అదొక పిచ్చి పట్టుకుంది. దూరం నుంచి వచ్చిన ఏ పిల్లాడు దొరికినా వదలదు. "మీ ఊరు చూడ్డానికి నాలుగు రోజులు రావాలంటే మాకేం కావాలి బాబూ?" అని అడుగుతుంది. వాడు సిగ్గుపడి, ఫోనులో వెతికి చెబుతాడు. బ్యాంకు పుస్తకం, ఉద్యోగం ఉన్నట్టు ఉత్తరం, తిరుగు టిక్కెట్టు, దిగే హోటలు రసీదు, చెవులు కనబడే ఫోటో. అన్నీ బడిపిల్లల నోటుబుక్కులో రాసుకుంటుంది. చెవుల సంగతి ఆమెకు ఎన్నాళ్ళయినా అంతుపట్టలేదు. "మన చెవులతో వాళ్ళకేం పనిరా?" అని నన్ను అడిగింది. చెవుల్లో బంగారం దాచుకొస్తామేమోనని చెప్పాను. అదీ రాసుకుంది.

ఇంత తెలిసిన మనిషి వంతెన అవతల సంత దాటి ఎక్కడికీ పోలేదు. చూడాలని ఉన్నది ఒక్కటే. సముద్రం. మాకు సముద్రం లేదు, సరస్సు ఉంది. అవతలి ఒడ్డు కనబడనంత సరస్సు. సముద్రమంటే ఇంతకంటే కాస్త పెద్దదేనని చూసొచ్చినవాళ్ళు చెప్పేవాళ్ళు. ఆమెకు ఆ జవాబు సరిపోయేది కాదు. "పెద్దదే అయితే చూసొచ్చినవాళ్ళంతా చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తారెందుకు?" అనేది.

ఆ నవంబరులో మా సంత ఆడవాళ్ళ సంఘం మూడు రోజుల యాత్ర వేసింది. బస్సు మాట్లాడుకుని పెరూ సముద్రతీరాన ఉన్న ఇలో రేవుకి. ముప్ఫై ఒక్క మంది. బస్సు పెరూవాళ్ళది కాబట్టి వంతెన అవతల నిలబడింది. మూటలు అవతలికి చేర్చి, బస్సు మీదికెక్కించి, ఇలోలో దించే పని నాది. నేను లేకపోతే ఆ మూటలు ఈపాటికి అర్జెంటీనాలో ఉండేవి.

బాసిలియత్త ముప్ఫై మంది పత్రాలు నింపి, అందరినీ వరసలో నిలబెట్టి, చివర తన పత్రం పట్టుకుని నిలబడింది. ముప్ఫై ముద్రలు పడ్డాయి. ముప్ఫై మంది అవతలికి నడిచారు. ఆమె వంతు వచ్చింది.

పెరూ వాళ్ళ కిటికీలో కూర్చున్నవాడు సెగార్రా అనే కుర్రాడు. సముద్రతీరం వాడు. మా చలికి చేతి తొడుగులేసుకుని మరీ ముద్రలు కొడతాడు. కార్డు నంబరు కొట్టి, కంప్యూటర్ తెర చూసి, మళ్ళీ కొట్టాడు.

"సెన్యోరా, మిమ్మల్ని లోపలికి రానివ్వడం కుదరదు."

"ఎందుకు సారూ? గీత దాటి రాశానా?"

"మీరు లోపలే ఉన్నారు."

"ఎక్కడ?"

"పెరూలో. రెండేళ్ళ మూడు నెలల నించీ. ఆగస్టు ఎనిమిదిన పర్యాటకురాలిగా వెళ్ళారు, బయటికి రాలేదు."

ఆమె తన చేతుల వైపు చూసుకుంది. తర్వాత నా వైపు చూసింది. నేను ఆమెను మరోసారి పరీక్షగా చూసి, "ఇక్కడే ఉందండీ" అని సాక్ష్యం చెప్పాను.

"నాకూ కనబడుతోంది. రోజూ చూస్తూనే ఉన్నా ఈమెని. కానీ తెరలో అలా లేదు," అన్నాడు సెగార్రా.

జరిగింది ఏమిటో ఆమెకు నెమ్మదిగా గుర్తొచ్చింది. మంగళ, శుక్రవారాలు సంత. ఆ రెండు రోజులూ వీపున మూట ఉన్న మనిషిని ఏ కిటికీ వాడూ ఆపడు, ఏ మూట మనిషీ కిటికీ వైపు చూడదు. మా తాతల కాలం నుంచీ అంతే. ఆ ఆగస్టు శుక్రవారం ఆమె కొత్త గొడుగు కొనడానికి ఖాళీ వీపుతో దాటింది. ఆరోజు కొత్తగా డ్యూటీకి వచ్చినవాడెవడో "పత్రమేదీ?" అని ఆపాడు. ఇన్నేళ్ళలో తనను ఆ మాట అడిగిన మొదటివాడు. ఆమె మురిసిపోయి, తన పేరు మీద తొలిసారి పత్రం నింపి ఇచ్చింది. వాడు దాన్ని కంప్యూటర్లో ఎక్కించాడు. తిరిగొచ్చేటప్పుడు గొడుగూ, రెండు బస్తాల ఎండుబఠానీలూ వీపున ఉన్నాయి. మూట ఉంది కాబట్టి అందరితో పాటు నేరుగా నడిచొచ్చేసింది. బయటికొచ్చిన ముద్ర వేయించుకోవాలని లోకానికంతా చెప్పే మనిషికి ఆ పూట తట్టలేదు.

"అయితే ఇప్పుడేం చెయ్యాలి సారూ?"

"తొంభై దాటిన ప్రతి రోజుకీ జరిమానా కట్టి బయటికెళ్ళాలి. లేదంటే కట్టకుండా వెళ్ళొచ్చు, కానీ మళ్ళీ రానివ్వరు."

"రోజుకి ఎంతో నాకు తెలుసు, నేనే ఎంతమందికో చెప్పాను. నా పీట, గొడుగు, నన్నూ కలిపి అమ్మినా అంత రాదు." ఆమె గొంతు తగ్గలేదు. కిటికీలోకి ఇంకా వంగింది. "అది సరే, ఈ రెండేళ్ళూ నేనక్కడ ఏ ఊళ్ళో ఉన్నట్టు రాసుంది?"

"ఊరు రాసి లేదు సెన్యోరా."

"ఏం పని చేస్తున్నట్టు?"

"అదీ లేదు."

"ఒక ఆడమనిషి రెండేళ్ళు మీ దేశంలో తిరుగుతుంటే ఏం తిందో, ఎక్కడ పడుకుందో కూడా కనుక్కోరా మీరు?"

వార్త వంతెన మీద నాకంటే వేగంగా పరిగెత్తింది. పావుగంటలో పెరూ బాసిలియాను అందరూ చూసేశారు. బూట్లు కుట్టే ముసలాయన ఆమె పూనో పట్నంలో హోటలు పెట్టిందన్నాడు. డబ్బు మార్చే కార్మేలా అది కాదంటూ, ఒక లారీ డ్రైవర్ని చేసుకుందని చెప్పింది. నేను ఆమెతో కలిసి పంది వేపుడు తిన్నాననీ, మనిషి కాస్త ఒళ్ళు చేసిందనీ, నన్ను చూసి గుర్తుపట్టనట్టు మొహం తిప్పుకుందనీ చెప్పాను. బాసిలియత్త అన్నీ విన్నది. "ఒరే తేరో, దానికి సముద్రం కనబడే ఇల్లుందేమో అడక్కపోయావా?" అని నన్ను అడిగింది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఇంతలో అవతలి నుంచి ఆమె వియ్యపురాలు హుస్తా రొప్పుతూ వచ్చింది. "వదినా, మూడింటికి బండి తీస్తానంటున్నాడు డ్రైవరు. ఏం చేయమంటావ్?"

"మీరెళ్ళండి. నేను లోపలే ఉన్నా కదా, ఎలాగోలా కలుస్తాలే."

"ఎత్తిపొడుపులు తర్వాత. ఆగస్టు తర్వాత నువ్విక్కడే ఉన్నావని చూపించే కాగితం ఏదైనా ఉందా?"

కిటికీలో సెగార్రా తలెత్తాడు. "తేదీ ఉండాలి. మీ ప్రభుత్వం ఇచ్చినదై ఉండాలి. అది ఆ తొంభై రోజుల లోపల పడితే..." అని ఆగి, తన తొడుగుల వైపు చూసుకున్నాడు. "పడితే పైవాళ్ళని అడగొచ్చు."

బాసిలియత్త కళ్ళు మూసుకుని వేళ్ళ మీద లెక్కపెట్టింది. "ఎన్నికలు," అంది. "ఆ ఏడు అక్టోబరు పద్దెనిమిది. ఓటేశాను. చీటీ ఇచ్చారు."

మా దేశంలో ఓటు వేయకపోతే బతకనివ్వరు. వేసినవాడికి చీటీ ఇస్తారు. మూడు నెలలు అది లేనిదే బ్యాంకులో అడుగు పెట్టనివ్వరు, ఆఫీసులో పని చేసి పెట్టరు. మూడు నెలలు దాటాక దానితో పొయ్యి అంటించుకోవచ్చు. అందరూ చేసేది అదే.

తాళం చెవి తీసుకుని ఆమె ఇంటికి బండి తొక్కాను. ఆ రోజు నేను తొక్కిన వేగానికి రెండు కుక్కలు నన్ను తరమడం మొదలుపెట్టి, మధ్యలో మానేసి, ఇంటికెళ్ళి పడుకున్నాయి. పెట్టెలు తీశాను. పరుపు తిరగేశాను. పరాయివాళ్ళ ఫోటోలు బస్తాడు దొరికాయి, అన్నిట్లోనూ చెవులు కనబడుతూ. చీటీ లేదు. వట్టి చేతుల్తో తిరిగొచ్చేసరికి రెండు దాటింది.

"పొయ్యిలో వేసుంటావు అత్తా."

"నేను కాగితం కాలుస్తానురా?" ఆమె మొదటిసారి కోపంగా చూసింది. వంతెన మీద గాలి లేచింది. గాలి లేచినప్పుడు మా ఆడవాళ్ళంతా నెత్తిన గుండ్రటి టోపీ మీద చెయ్యి పెట్టుకుంటారు. కార్మేలా పెట్టుకుంది, హుస్తా పెట్టుకుంది. బాసిలియత్త మాత్రం పెట్టుకోలేదు. ఆమె టోపీ కదల్లేదు.

"వదినా, నీ టోపీ ఎందుకెగరదు? ఒక సైజు పెద్దది కొన్నావుగా," అంది హుస్తా.

ఆమె చెయ్యి తల మీదికి వెళ్ళింది. ఇరవయ్యేళ్ళలో ఆమె బయట టోపీ తీయడం నేను చూడలేదు. తీసింది. లోపలి పట్టీ వెనక మడతలు పెట్టి కాగితాలు కుక్కి ఉన్నాయి, టోపీ వదులైనప్పుడల్లా ఒకటి. కరెంటు బిల్లు, చర్చి విందు పిలుపు, బఠానీల రసీదు. వాటి కింద చెమటకి గుడ్డలా మెత్తబడిన చీటీ. పేరు ఉంది, నంబరు ఉంది, తేదీ ఉంది.

సెగార్రా తొడుగులు తీసి మరీ దాన్ని విప్పాడు. క్యాలెండరు మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"డెబ్భై ఒకటో రోజు," అన్నాడు. "అంటే ఆ రోజుకి మీరు మీ దేశంలో ఉన్నారు. జరిమానా పడదు. కానీ సెన్యోరా, ముద్ర లేకుండా బయటికొచ్చారని మీరే ఒప్పుకుంటున్నారు. అదింకో తప్పు."

బాసిలియత్త పక్కకి జరిగి, అతనికి వంతెన కనబడేలా నిలబడింది. ఆరోజు గురువారం. అయినా రేపటి సంతకి సరుకు అప్పుడే కదులుతోంది. మూటలు, మూటల కింద ఆడవాళ్ళు, ఒక గొర్రె, ఒక మంచం. ఎవరూ కిటికీ వైపు చూడటం లేదు.

సెగార్రా చాలాసేపు చూశాడు. ఫోను తీసి ఎవరితోనో మాట్లాడాడు. "అవును సార్, ఓటు చీటీ... లేదు సార్, టోపీలోంచి... అవును సార్, నిజంగానే." ఫోను పెట్టేసి, అక్టోబరు పద్దెనిమిది తేదీ వేసి ఆమెను పెరూ నుంచి బయటికి పంపాడు. తర్వాత ఆ గురువారం తేదీతో లోపలికి రానిచ్చాడు.

"సారూ, మీది సముద్రం ఊరే కదా. ఎలా ఉంటుంది?" అని అడిగింది ఆమె, టోపీ పెట్టుకుంటూ.

"ఏముంటుంది సెన్యోరా, నీళ్ళు." అని చెప్పి, అతను ఎందుకో గొంతు తగ్గించాడు.

అప్పటికి మూడున్నర. బస్సు ఉంది. డ్రైవరు వెళ్ళలేకపోయాడు. ముప్ఫై మంది ఆడవాళ్ళు బస్సు ముందు రోడ్డు మీద దుప్పట్లు పరిచి, ఎవరి మూట వాళ్ళు విప్పి, ఉడికించిన దుంపలూ, మంచులో ఎండబెట్టిన నల్లటి చున్యో దుంపలూ, వేయించిన చేపపిల్లలూ కుప్పగా పోసి, అతన్ని నడుమ కూర్చోబెట్టారు. అలా పరిచిన తిండి దగ్గర్నుంచి మధ్యలో లేస్తే మా వాళ్ళు ఏడు తరాలు చెప్పుకుంటారు. పాపం, అతను నాలుగోసారి వడ్డించుకుంటున్నాడు.

తెల్లవారి ఇలోలో దిగాం. ఉప్పగాలి. కొండలు ఇసుక రంగు. ఆడవాళ్ళంతా ఒకరినొకరు పట్టుకుని కిలకిలలాడుతూ మడమల దాకా దిగారు. బాసిలియత్త విడిగా, ఎండ తగలని రాయి మీద నిలబడి కాసేపు చూసింది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"మన సరస్సు కంటే పెద్దదే కదా అత్తా. అంతే కదా?"

"కాదురా," అంది. "సరస్సు ఉంటుంది. ఇది వస్తోంది." గొంతు తగ్గించే అంది. ఆమెకు తెలిసినట్టు లేదు.

అని, బూట్లతోనే దిగిపోయింది. అల వెనక్కి పోతే దాని వెంట నాలుగడుగులు వేసింది, ఎక్కడికి పోతుందో కనుక్కోవాలన్నట్టు. అది తిరిగొచ్చి నడుము దాకా కొట్టింది. ఒకదాని మీద ఒకటి తొడుక్కున్న అయిదు పరికిణీలూ నీళ్ళు తాగి గోనెబస్తాల్లా బరువెక్కాయి. "రా వదినా, చాల్లే," అని హుస్తా అరిచింది. ఆమె చెయ్యి అడ్డంగా ఊపి, ఇంకో అల వెంట నడిచింది.

ఆమెను ఒడ్డుకి నేనొక్కణ్ణే లాగాను. నలుగురు ఆడవాళ్ళు లాగారనీ, నేను బూట్లు తడుస్తాయని రాయెక్కి నిలబడ్డాననీ హుస్తా ఊరంతా చెబుతోంది. ఆమె మాట పట్టించుకోకండి. ఆ మధ్యాహ్నం వరకూ బాసిలియత్త ఇసుకలో కాళ్ళు చాపుకుని, ఎండుతున్న పరికిణీల మధ్య కూర్చుని అలలు చూస్తూనే ఉంది. తిండికి పిలిస్తే రాలేదు. పళ్ళెం నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. అది మాత్రం హుస్తా కూడా కాదనదు.