తాగాడనుకున్నారు

మెట్‌పల్లిలో మా పెద్దబాపు కొడుకు, నాకు అన్న, మరమగ్గం నడిపేవాడు. పోగు తెగినప్పుడల్లా మగ్గం ఆపి, గడ్డం పట్టుకొని మెడను ఒక్క విసురుతో పక్కకు తిప్పేవాడు. ఆ టక్కుమనే చప్పుడుకు నాకు ఒళ్ళు జలదరిస్తే ఆయన నవ్వేవాడు. ముప్పై నిండలేదు. కల్లు కూడా ముట్టి ఎరుగడు.

ఒక పొద్దున అలాగే మెడ విరిచి, లేవబోయి తూలిపడ్డాడు. కక్కుకున్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది. పెద్దబాపు ఉరికొచ్చి, "పొద్దుగాలనే తాగినవారా? ఇజ్జత్ తీస్తున్నవ్ గదరా!" అంటూ అందరి ముందు చెంప మీద కొట్టాడు. అన్న కాదన్నట్టు చెయ్యి ఊపబోతే మళ్ళీ కొట్టాడు. నిషా దిగుతుందిలే అని సాయంత్రం దాకా పడుకోబెట్టారు.

కరీంనగర్ ఆసుపత్రికి చేరేసరికి కాళ్ళూ చేతులూ కదలడం లేదు.

"మెడ విరుచుకునే అలవాటుందా?" డాక్టరమ్మ వదినను అడిగారు.

"రోజూ ఇరుస్తడు మేడం. గదేమన్న తప్పా?"

స్కాన్ తీయించి చెప్పారు. ఆ విసురుకు మెడలో రక్తనాళం లోపలి పొర చిరిగి, అక్కడ గడ్డకట్టిన రక్తం మెదడుకు వెళ్ళే రక్తానికి అడ్డుపడింది. వయసులో ఉన్నవాళ్ళకు ఇలాంటి పక్షవాతం అరుదు. చూసేవాళ్ళకు తాగినట్టే ఉంటుంది. పొద్దున్నే తెచ్చి ఉంటే గడ్డను కరిగించే వీలుండేది.

"ఇప్పుడు కళ్ళు తప్ప ఏమీ కదలవు. కానీ మొదటి నుంచీ ఆయనకు అన్నీ వినబడుతున్నాయి, అన్నీ తెలుస్తున్నాయి. అవునంటే కళ్ళు మూస్తాడు, అడగండి."

పెద్దబాపు మంచం మీదికి వంగాడు. "నన్ను మాఫ్ చేసినవా బిడ్డా?"

అన్న తండ్రి ముఖంలోకే చూశాడు. కళ్ళు మండి నీళ్ళు కారినా రెప్ప వేయలేదు.