ఎడమ అద్దంలో పెద్దాయన

మా ఇంటి ఓనరు పెద్దాయన పోయిన ఆదివారం పొద్దున కన్నుమూశారు. పాలావిడ ఎంత పిలిచినా పలకలేదని నన్ను కేకేస్తే, మేడ మీద నుంచి పరుగున దిగాను. నిద్రలోనే పోయారు. కింద ఆయనొక్కరే, పైన నేనొక్కదాన్నే. వాషర్‌మెన్‌పేట్‌లో నేను ఇంటికి చేరానో లేదో పట్టించుకునే మనిషి ఇంకెవరూ లేరు.

ఆయన సిటీ బస్సు డ్రైవరుగా రిటైరయ్యారు. నేను గుంటూరు నుంచి ఈ తమిళ నగరానికి ఉద్యోగానికొచ్చి ఆయన మేడ మీది గదిలో అద్దెకు దిగాను. ఊరికి ఆ చివర అంబత్తూరులో ఆఫీసు. బస్సులు మారి మారి వెళ్ళేదాన్ని. మా తమ్ముడు బెంగళూరు పోతూ నాకొదిలేసిన మోటార్ సైకిల్ మాత్రం మెట్ల కింద దుమ్ము కొట్టుకుపోయేది. ఊళ్ళో నడిపినదాన్నే, లైసెన్సూ ఉంది. ఈ ట్రాఫిక్‌లో తీయడానికే ధైర్యం చాలేది కాదు. అమ్మేస్తానని ఒకరోజు అన్నాను.

"ఎందుకు మా, అమ్మేది? ఎనకాల నేను కూర్చుంటా, నువ్వు తోలు" అన్నారు. అమ్మా అనడానికి ఇక్కడి యాసలో "మా" అనేవారు.

"ముందు ఏదైనా గ్రౌండులో తిప్పుతాను అంకుల్."

"ఆడ నీకేం అడ్డమొస్తుంది? మనుషులుండేది ఈడ కదా!"

అలా ఆదివారాలు మొదలయ్యాయి. హెల్మెట్ పట్టీ టక్కుమని వినపడితే తప్ప బండెక్కేవారు కాదు. వినపడకపోతే గేటు దగ్గరే చేతులు కట్టుకుని నిలబడేవారు. మొండి మనిషి. తొందరగా వెళ్ళాలంటే బండి వేగంగా తోలడం కాదు, తొందరగా నిద్ర లేవడం అనేవారు.

మీలో బండి నడిపేవాళ్ళుంటే ఆయన చెప్పిన ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. "బస్సు పక్కన ఇరుక్కోని పోవద్దు మా. దాని అద్దంలో డ్రైవరు మొగం నీకు కనబడాల. కనబడలేదా, ఆయన లెక్కలో నువ్వు లేనట్టే." ఈ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గిపోయేది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

ఆయన తిట్టే రకం కాదు. తప్పు చేస్తే కనుబొమ్మలు పైకి లేచేవి, అంతే. అవి చూడ్డానికి ఎడమ అద్దం ఆయన మొహం మీదికి తిప్పుకునేదాన్ని.

"నన్ను సూసేదానికా అద్దం? రోడ్డుకి తిప్పు" అనేవారు. తిప్పేదాన్ని. సిగ్నల్ పడి ఆగగానే మళ్ళీ ఆయన వైపుకే.

ఒక ఆదివారం మెట్రో పనుల రేకుల పక్కన దారి సన్నగా ఉంది. పక్కనే నీళ్ళ లారీ. ముందున్న ఆటో ఉన్నట్టుండి ఆగింది. ఆయన చెప్పినట్టే ఆటోకు దూరం ఉంచాను కాబట్టి, రెండు బ్రేకులూ నొక్కి బండి తొణక్కుండా ఆపగలిగాను. గర్వంగా అద్దంలోకి చూస్తే పెద్దాయన కళ్ళు మూసుకుని ఉన్నారు!

"అంకుల్! నిద్రపోతున్నారా?"

"నువ్వు బాగా తోల్తా ఉండావు. ఇంక నాకేం పని?"

మర్నాడు ఒక్కదాన్నే అంబత్తూరు వెళ్ళొచ్చాను. సాయంత్రం వరండాలోంచి "వచ్చేసినావా?" అని వినపడింది. "వచ్చేశా అంకుల్" అన్నాను. అప్పుడు లేచి లోపలికెళ్ళారు. ఆ తర్వాత రోజూ ఇదే. ఆదివారాలు మాత్రం మానలేదు. పరీక్ష పెడతానని ఎక్కేవారు, సందు మలుపు తిరగ్గానే కళ్ళు మూసేవారు.

పోయిన ఆదివారం, ఆయన్ని ఉంచిన ఫ్రీజర్ బాక్సు అద్దంలోంచి చూస్తే అదే మొహం. కనుబొమ్మలు కదల్లేదు. ఏడుపు ఆపుకోలేకపోయాను. బంధువులెవరో "ఈ పాప ఎవరు?" అని అడిగారు. "మేడ మీద అద్దెకుండేది" అన్నారింకెవరో. అదీ నిజమే.

శ్మశానానికి బయల్దేరినప్పుడు ఆడవాళ్ళు వీధి చివర ఆగిపోయారు. నేను బండి తీశాను. హెల్మెట్ పట్టీ టక్కుమంది. అలవాటుగా ఒక్క క్షణం ఆగాను. వెనక బరువు పడలేదు. ఆయన్ని తీసుకెళ్ళే పూల వ్యాన్ వెనకే, దూరం ఉంచి వెళ్ళాను. దాని అద్దంలో డ్రైవరు మొహం కనబడింది. దాటి పొమ్మని అతను చెయ్యి ఊపాడు. నేను దాటలేదు.

పెద్ద రోడ్డు దగ్గర వ్యాన్ వెళ్ళిపోయింది, నాకు ఎర్రలైటు పడింది. ఎడమ అద్దం ఇంకా వెనక సీటు వైపే ఉంది. అందులో కరెంటు తీగలు, కాస్త ఆకాశం. పచ్చలైటు పడింది. వెనక హారన్లు మొదలయ్యాయి.

అద్దాన్ని రోడ్డుకి తిప్పాను. బస్సులు, ఆటోలు, స్కూటర్లు వచ్చి అందులో నిండాయి. ఒక్క మొహమూ నాకు తెలిసింది కాదు.