దయ్యం సినిమా వచ్చిన ఏడు

నిన్న సాయంత్రం మా అపార్ట్‌మెంటు కింద ఎవరింటి పెళ్ళికో వేసిన షామియానా వానకు తడిసింది. లిఫ్టు దగ్గర నిలబడ్డ నాకు ఆ తడిగుడ్డ వాసన తగలగానే గిద్దలూరు టూరింగు టాకీసు డేరా గుర్తొచ్చి, పైకి పోబుద్ధి కాక చాలాసేపు అక్కడే ఉండిపోయాను.

అప్పటికి మా ఊరు కర్నూలు జిల్లాలో ఉండేది. శనక్కాయలు పీకడం అయిపోయి జనానికి కాస్త తీరిక దొరికే రోజుల్లో డేరా దిగేది. పిల్లలం నేల టిక్కెట్లో ఇసుక కుప్ప చేసుకుని ఎత్తుగా కూర్చుని, వేయించిన కాయలు ఒలుచుకుంటూ, పక్కన డీజిలు ఇంజను దడదడలాడుతుంటే ముందువాళ్ళ కొప్పుల సందుల్లోంచి తెర చూసేవాళ్ళం. ఆ ఏడు దయ్యం సినిమా వచ్చింది. పట్నంలో మూడంతస్తుల మేడ, వాటాకొక కుటుంబం. చచ్చిపోయిన ఒకావిడ దీపాలు పెట్టే వేళకు మెట్లెక్కి వచ్చి ప్రతి తలుపూ తడుతుంది. అందరూ గుమ్మాలకు వేపమండలు కట్టాక లోపలికి రాలేక, ఏడ్చుకుంటూ మెట్లు దిగిపోతుంది. జనమంతా హమ్మయ్య అనుకున్నారు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. మా అమ్మ పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

మర్నాటికి మా వీధిలో వేపమండ కట్టని గుమ్మం లేదు. అమ్మ పోయాక మాకు వండిపెట్టడానికి వచ్చిన మేనత్త కూడా కట్టింది. మేడలు తిరిగిన దయ్యం మన మట్టిమిద్దెలకు ఏం చూసి వస్తుందని ఎదురింటి పెద్దాయన ఎగతాళి చేసినా వినలేదు. పొద్దుగూకే వేళకు నేను మండలు పీకేసి వాకిట్లో కూర్చునేదాన్ని. తెల్లారగానే అత్త తిట్టుకుంటూ మళ్ళీ కట్టేది. చివరికి ఒకనాడు, నాయన దుకాణం నుంచి రాగానే నా మీద చెప్పింది.

"ఏందమ్మీ, మండలు ఎందుకు పీకినావు?" అన్నాడు నాయన.

"అమ్మ వస్తే వాకిట్లోంచే వెనక్కి పోతాది గదా నాయనా."

నాయన మండలు తీసుకెళ్ళి పక్కింటి మేకలకు వేసి వచ్చాడు. ఆ పూట తలుపు బార్లా తీసిపెట్టి, ఇద్దరం వాకిట్లోకి చూస్తూ జొన్నరొట్టె తిన్నాం. చలికాలం పోయేదాకా రోజూ అలాగే తిన్నాం. అమ్మ రాలేదు.

ఇప్పుడు ఆ డేరాలు లేవు, అత్త లేదు, నాయనా లేడు. అమ్మకు మావాళ్ళు ఒక్క ఫొటో అయినా తీయించలేదు. ఈ ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని ఆమెను తలుచుకుంటే చీరకట్టు గుర్తొస్తుంది, గాజుల చప్పుడు గుర్తొస్తుంది. ముఖం దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ఏడ్చుకుంటూ మెట్లు దిగిపోయిన ఆ సినిమా ఆవిడే కనిపిస్తుంది.