మా వాటాకు వచ్చిన ఉరుములు

ఆ రోజుల్లో నా దగ్గర ఇంజనీరింగు పట్టా ఉండేది, ఉద్యోగం ఉండేది కాదు. అలాంటి మనిషికి మెదక్‌లో చుట్టాలు హఠాత్తుగా పెరుగుతారు. ఎలక్ట్రానిక్స్ చదివాను కాబట్టి ఇన్వర్టరు కూత పెట్టినా, మిక్సీ పొగ వదిలినా, ఎవరి ఫోన్లోనో పెళ్లి ఫొటోలు మాయమైనా కబురు నాకే వచ్చేది. (కాలేజీలో మాకు ఒక్క మిక్సీ కూడా విప్పి చూపించలేదని చెబితే ఎవరూ నమ్మేవారు కాదు. ఫీజులు కట్టిన మా నాయిన అసలే నమ్మేవాడు కాదు.) పని అయ్యాక చాయ్ గ్లాసు చేతికిచ్చి, "నౌకరేమన్న దొరికిందా బిడ్డా?" అని అడిగేవారు. చాయ్ కంటే ఆ ప్రశ్నే వేడిగా ఉండేది.

మాది రెండు వాటాల ఇల్లు. రోడ్డు వైపు వాటా పెద్దబాపుది, అంటే మా నాయిన అన్నగారిది. వెనక వాటా మాది. మధ్యలో ఒకటే గోడ. పాపన్నపేట వైపు ఉన్న పొలం పంపకం కూడా ఇదే పద్ధతిలో జరిగింది: కాల్వకు దగ్గరి మడులు ఆయనకు, నీళ్లు చేరితే చేరే చివరి మడులు మాకు. ఆయన ఆ పైన ఎరువుల దుకాణం పెట్టి పెద్దమనిషి అయ్యాడు, మా నాయిన చివరి మడుల దగ్గరే ఉండిపోయాడు. అయినా పెద్దబాపు అన్యాయం చేశాడని ఎవరూ వేలెత్తి చూపలేరు. ప్రతిసారీ ఆయన మాకు ఇస్తాడు. ఏది ఇవ్వాలో కూడా ఆయనే చూసుకుంటాడు.

ఆ ఏడాది ఆయన పెద్ద టీవీ, కొత్త డిష్ డబ్బా, ఒక హోం థియేటరు తెచ్చాడు. బిగించడానికి నన్ను పిలిచాడు. నేను అట్టపెట్టె మీద బొమ్మ చూసి, వస్తువులన్నీ నేల మీద వరుసగా పేర్చి వివరించాను. మధ్య స్పీకరు టీవీ కింద, దాని పని మాటలు. ముందు స్పీకర్లు చెరో పక్కన, వాటి పని పాటలు. గుమ్మటం లాంటి పెట్టె మూలన, దాని పని దడదడ. చివరి రెండు స్పీకర్లు సోఫా వెనక, వాటి పని చుట్టూ వినపడే సప్పుళ్లు, అంటే వాన, ఉరుము, చప్పట్లు. పెద్దబాపు శ్రద్ధగా విని, కొత్త టైల్స్ మీద వైరు పారడానికి వీల్లేదన్నాడు.

"వెనక పెట్టాల్నన్నవ్ గదరా? టీవీ వెనక గోడకు రంధ్రం కొట్టి మీ ఇంట్ల పెట్టు. నా తమ్ముడు గూడ మనిషే గద, ఆయన ఇంట్ల గూడ సినిమా హాల్ కావాలె."

ఆ గొప్ప మనసు అక్కడితో ఆగలేదు. రెండిళ్లకు ఒకటే డబ్బా చాలని మా కేబులు కూడా తీయించేశాడు. డబ్బా నుంచి బొమ్మ తెచ్చే పసుపు వైరు ఒకటి, ఆ రెండు స్పీకర్ల వైర్లు రంధ్రం గుండా మా వైపు వచ్చాయి. ధ్వని తెచ్చే ఎరుపు, తెలుపు వైర్లు మాత్రం నేరుగా ఆయన హోం థియేటరులోకి పోయాయి. లెక్క తేలిందేమిటంటే, ఆయన ఏ ఛానలు పెడితే మా పాత టీవీలో ఆ బొమ్మే వస్తుంది. దానికి మాటలు ఉండవు. ఉరుములుంటాయి.

మొదటి సాయంత్రం మా అమ్మ సీరియలు ముందు కూర్చుంది. తెర మీద అత్తగారు కళ్లు పెద్దవి చేసింది, మా గోడ మీది స్పీకర్లు ఫెళ్లుమన్నాయి. అమ్మ లేచి డాబా మీద ఆరబెట్టిన మిరపకాయలు ఎత్తడానికి పరుగెత్తింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. దిగివచ్చి, "గామె ఇంట్ల గూసుండి చూస్తె గూడ ఉరుముతదా?" అని అడిగి మళ్లీ కూర్చుంది. పెదవులు ఆడుతున్నాయి, వయొలిన్లు ఏడుస్తున్నాయి, ఒక్క ముక్క వినపడదు. రోజంతా పొలంలో, పొయ్యి దగ్గర గడిపే మనిషికి ఉన్న ఒకే ఒక్క అరగంట అది. గోడ అవతలికి పోయి కూర్చోవచ్చు కదా అంటే, "పిలువంగ పోతె మర్యాద, పిలువకుంట పోతె ఏమంటరు?" అంది.

దీనికి మందు చాలా చిన్నది. ఎరుపు, తెలుపు వైర్లకు ఒక జాయింటు పెట్టి, ఒక కొమ్మ మా టీవీకి లాగితే మాటలు వచ్చేస్తాయి. పెద్దబాపును అడిగాను.

"జాయింటు పెడితె ఆవాజ్ పల్చబడ్తదిరా. కాల్వకు నడుమల గండి కొడితె కింది మడికి నీళ్లు పారుతయా?"

"ఇది నీళ్లు కాదు పెద్దబాపూ. మా టీవీ సిగ్నల్‌ను చూసుకుంటది అంతే. ఏం గుంజదు."

"నీళ్లు గూడ వాటంతట అవి గుంజవురా. మనుషులే గుంజుతరు."

ఈ సంగతి ఇంట్లో చెబితే మా నాయిన నవ్వాడు. కాల్వ పైమడిలో ఎవరు కూర్చున్నారో నాయినకు బాగా తెలుసు. ఆ సంవత్సరం ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే.

అమ్మ మాత్రం తన మార్గం తాను చూసుకుంది. తెర మీద వాళ్లకు తనే మాటలు పెట్టడం మొదలుపెట్టింది. ఒంటి నిండా నగలున్న అత్త నోరు తెరిస్తే, అమ్మ గొంతు పెంచి, "ఏమే, ఒక్క చాయ్ వెట్టనీకి గింత సేపా? పొద్దుగాల పాలు పిండవోయినవా?" అనేది. కోడలు కన్నీళ్లు పెట్టుకుంటే, "సిలిండర్ అయిపోయింది అత్తమ్మా. నీ కొడుకు తెస్తనని పోయి ఎన్నడాయె. మెడల గిన్ని నగలేసుకుంటివి, ఒక్క సిలిండర్ తెప్పియ్యరాదు?" అని జవాబు. కొడుకు సూటు వేసుకుని మెట్లు దిగితే, "సూట్ మంచిగున్నది గని కిరాయిదా సార్?" అనేది. ఉరుము వస్తే, "ఆగుండ్రి, మిర్పకాయలు ఎత్తి వస్త, అప్పటిదాంక కొట్లాడకుండ్రి" అనేది.

ఒకరోజు ఆ సిలిండరు మాట దగ్గర గోడలోంచి నవ్వు వినిపించింది. వైర్ల రంధ్రం అవతల పెద్దమ్మ. సినిమా హాలు లాంటి గదిలో, అన్ని స్పీకర్ల మధ్య కూర్చున్న మనిషి, మా రంధ్రానికి చెవి ఒగ్గి నవ్వుతోంది.

నాకు ఇదంతా లేమిగానే తోచింది. (ఇంజనీరింగులో లోపం కనిపిస్తే సరిచేయాలని నేర్పుతారు. ఏది లోపమో కనుక్కోవడం నేర్పరు.) పెద్దబాపు దుకాణంలో ఉన్న వేళ పెద్దమ్మను అడిగితే, "పెట్టు బిడ్డా, నేను ఆయనకేం చెప్ప" అంది. జాయింటు పెట్టాను. ఆ సాయంత్రం మా టీవీలో మాటలు స్పష్టంగా వచ్చాయి. అమ్మ బుద్ధిగా మొత్తం విని, "గింతేనా వీళ్లు మాట్లాడేది?" అంది. రంధ్రంలోంచి పెద్దమ్మ గొంతు వచ్చింది: "చెల్లే, ఏమైందే, ఇయ్యాల సప్పుడు లేదు? పానం మంచిగ లేదా?" మర్నాటి నుంచి అమ్మ మా టీవీ గొంతు తగ్గించి మళ్లీ అందుకుంది. బాగా వినపడాలని అవతల పెద్దమ్మ కూడా హోం థియేటరు గొంతు తగ్గించుకుంది. నా ఎరుపు, తెలుపు వైర్లు ఎవరికీ అక్కరలేని మాటలను రెండిళ్లకూ సమానంగా మోస్తున్నాయి.

అలాంటి ఒక సాయంత్రం పెద్దబాపు దుకాణం కట్టేసి పెందరాళే వచ్చాడు. అంత ఖరీదైన యంత్రం దోమలా గొణుగుతుంటే విని, టీవీ వెనక్కి తొంగి చూశాడు. ఆయన కేకకు నేను, నా వెనక అమ్మ పరుగెత్తుకుపోయాం.

"గండి కొట్టినవారా? చూడు, ఆవాజ్ మొత్తం మీ ఇంట్లకే పారింది!"

"పెద్దబాపూ, జాయింటుకు దీనికి సంబంధం లేదు..."

మాట పూర్తి కాకముందే ఆయన జాయింటును పీకి, వైర్లు మళ్లీ నేరుగా గుచ్చాడు. అప్పుడు చూశాను. సోఫాలో పెద్దమ్మ భయంతో బిగుసుకుపోయి ఉంది. ఆమె కొంగు కింద రిమోటు ఉంది. కొంగు కింద ఆమె బొటనవేలు కదిలింది. (పల్చటి చీర కొంగు రిమోటు కిరణాన్ని ఆపదని ఏ ల్యాబులోనూ నాకు చెప్పలేదు.) హాలు దద్దరిల్లేలా సీరియలు అత్త గొంతు లేచింది.

"చూసినవా? తియ్యంగనే ఎట్లొచ్చిందో! నీకంటె మా పాలేరు నయంరా, వానికి నీళ్లన్న తెలుసు!"

నేను నోరు తెరిచాను. పెద్దమ్మ నా వంక చూసింది. ఆ చూపుకు మాటలు పెట్టడం మా అమ్మ వల్ల కూడా కాదు. నిజం చెబితే నా చదువు గెలుస్తుంది, తోడికోడలు మాటల కోసం గోడకు చెవి పెట్టినందుకు ఆమె ఆ రాత్రి ఏం పడుతుందో నాకు తెలుసు. వెనక నుంచి అమ్మ నా మోచెయ్యి నొక్కింది. నోరు మూసుకున్నాను. వారం తిరక్కుండా రంధ్రంలో సిమెంటు పడింది, స్పీకర్లు వెనక్కి పోయాయి. రైతుకు తెలిసింది ఇంజనీరుకు తెలియలేదన్న కథ యూరియా బస్తాలతో పాటు ఎరువుల దుకాణం నుంచి టేక్మాల్ దాకా పోయింది. ఆ తర్వాత మిక్సీలకు కూడా నన్ను పిలవడం మానేశారు.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో పని చేస్తున్నాను. సిగ్నల్ ఎక్కడ తగ్గుతుందో కనిపెట్టడమే నా ఉద్యోగం. మా ఇంటికి సొంత డబ్బా తెచ్చాను, మంచి స్పీకర్లు తెచ్చాను, ఏ వైరు ఎక్కడ ఉండాలో అక్కడే పెట్టాను. శనివారం సాయంత్రం ఇంటికి పోతే అమ్మ, "మస్తున్నది బిడ్డా" అని మెచ్చుకుంటుంది. తర్వాత రిమోటు తీసుకుని గొంతు పూర్తిగా ఆపేస్తుంది. గోడ మీద రంధ్రం పూడ్చిన సిమెంటు మచ్చ వైపు కొద్దిగా తిరిగి కూర్చుని, అవసరమైన దానికంటే కాస్త గట్టిగా మొదలుపెడుతుంది: "ఏమే, సిలిండరొచ్చెనా?"

సిమెంటు గట్టిదే. అవతలి మాటలు రావు. వచ్చేది పెద్దబాపు ఇంట్లో మూలనున్న ఆ పెట్టె దడదడ ఒక్కటే. అమ్మ మాట మొదలవగానే అది ఆగిపోతుంది. గోడ గుండా ఏ సిగ్నలూ పోదని పట్టా చూపించి వాదించే కుర్రాడొకడు నాలో ఉండేవాడు. వాడిని తలుచుకుని నవ్వుకుంటూ, వైర్ల జోలికి పోకుండా కూర్చుంటాను.