వేదవల్లి మామి చెప్పిన రంగులు

పొద్దున వేలికి స్పిరిట్ దూది రాసుకోగానే ఆ ఘాటు ముక్కుకు తగిలింది. ఇప్పుడు చేతిలో షుగరు చూసుకునే మీటరు ఉంది. సూదిమొనంత రక్తం పెడితే చాలు, రెప్పపాటులో అంకె చూపిస్తుంది. కానీ నా ధ్యాస అంకె మీద ఉండదు. ఆ వాసన వస్తే నేను మళ్ళీ తిరుపతిలో, వేదవల్లి మామి పెరట్లో, స్పిరిట్ దీపం ముందు గొంతుక్కూర్చుని ఉంటాను. మామి మా ఇంటి యజమానురాలు. నేను ఈ వయసుదాకా బతికి ఉన్నానంటే అందులో సగం పుణ్యం ఆవిడదే.

డెబ్బైల చివర తిరుపతిలో డిగ్రీ చదువుతూ మామి వాళ్ళ ముందుగదిలో అద్దెకుండేదాన్ని. మా నాయనకు చిత్తూరులో మామిడికాయల మండీ ఉండేది. చదువు మధ్యలో ఉండగా నాకు షుగరొచ్చింది. ఇన్సులిన్ తప్ప వేరే దారి లేదన్నారు డాక్టరు. మా మేనత్త షుగరుతో కాలిపుండు మానక నాయన కళ్ళముందే పోయింది. ఆ భయంతో ఆయన, "సదువూ వద్దు, ఏమీ వద్దు. ఇంటికొచ్చేయ్ తల్లీ" అన్నాడు. చదువు మానేయడమంటే నాకు చచ్చినంత పని. అప్పుడు మామి అడ్డుపడింది. "నాకూ ఉండాది కదా శెట్టిగారూ ఈ రోగం, ఏళ్ళుగా! బిడ్డకు నేను నేర్పిస్తాను. మామిడిపండ్ల కాలం దాకా చూడండి, ఆమీద మీ ఇష్టం" అంది. నాయన ఊ అన్నాడు గానీ మనసొప్పి అనలేదు.

ఆ రోజుల్లో రక్తం చూపించుకోవాలంటే ఆసుపత్రికి పోవలసిందే. ఇంట్లో చూసుకోగలిగింది మూత్రమే. గాజుగొట్టంలో నీలం మందు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం కలిపి, దీపం మీద కాచాలి. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుకరంగు, ఇలా పోనుపోను ఎక్కువైనట్టు. వాళ్ళది గుడి కైంకర్యంలో ఉన్న కుటుంబం, మడి ఇల్లు. ఆ గొట్టం హాల్లోంచి పోవడానికి వీల్లేదని మామి అత్తగారు కట్టడి చేసింది. అందుకని మామి దాన్ని పాత గ్లాసులో పెట్టుకుని, పక్కసందులోంచి ఇల్లంతా చుట్టి పెరట్లోకి వచ్చేది. అదీ స్నానానికి ముందే. "ఉత్సవ విగ్రహం గూడా ఇంత నియమంగా ఊరేగదే అమ్మాయ్" అని నవ్వేది. నేను తొలిసారి గొట్టాన్ని నిలువుగా పట్టుకుని కాచేసరికి మందంతా సున్నపుగోడ మీదికి చిమ్మింది. ఆవిడే గొట్టం కడిగి, వాలుగా ఎలా పట్టుకోవాలో చూపించింది.

రంగు బాగాలేని రోజు పరీక్ష తప్పినట్టు ఏడుపొచ్చేది నాకు. మామి మాత్రం నీలమైనా ఇటుకరంగైనా సంతలో కూరగాయల పేర్లు చెప్పినట్టు చెప్పేది.

మామిడిపండ్ల కాలం రానే వచ్చింది. ఒక సాయంత్రం నాయన బేనీషా మామిడిపండ్ల బుట్ట మోసుకుని దిగాడు. "నీకోసమే ఏరి తెచ్చినాను, తిను తల్లీ" అని తన చేత్తో కోసి పెట్టాడు. కాదనలేకపోయాను, కాదనాలనీ అనిపించలేదు. మరునాడు పొద్దున ఆయన చూస్తుండగానే పరీక్ష చేశాను. మందు కాగింది, పచ్చబడింది, పసుపు దాటింది, నారింజ దగ్గర ఆగింది. నాయన ముఖం వాడిపోయింది.

"సూసినారా అమ్మా? ఇంక సాలు. గుడ్డలు సర్దుకో తల్లీ, బస్సుకు పోదాం."

నా చదువు అక్కడితో సరి అనుకున్నాను. మామి తీరిగ్గా దీపం ఆర్పింది. "రాత్రి ఏం తినింది బిడ్డ?"

"మామిడిపండు. పంచదారేం కాదమ్మా, చెట్టున కాసిందే గదా!"

పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి మామిడిపండ్ల మధ్యే బతికిన మనిషి, వాటిలో చక్కెర ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు. మామి నవ్వలేదు.

"ఈ రంగు బిడ్డను తప్పుపట్టేదానికి రాలేదు శెట్టిగారూ. రాత్రి జరిగింది చెప్పేదానికొచ్చింది. మీ ఇంటికి పోతే మీరు రోజూ ప్రేమగా పెడతా ఉంటారు, అది రోజూ తింటా ఉంటాది. ఆడ చెప్పేవాళ్ళెవరు? రేపు పొద్దున దాకా ఉండి, చూసి పోండి."

ఆ రోజు నేను పండు ముట్టలేదు. నాయన ఆ రాత్రి సత్రంలో పడుకున్నాడు. తెల్లవారి వచ్చి, నేను కాచిన గొట్టాన్ని తనే అందుకుని ఎండకు పెట్టి చూశాడు. లేత ఆకుపచ్చ. కాయ రంగు చూసి పక్వం చెప్పే మనిషికి మేం ఏమీ వివరించనక్కర్లేకపోయింది. "బాగా సదువుకో" అన్నాడు. మిగిలిన పండ్ల బుట్ట భుజాన పెట్టుకుని ఒక్కడే బస్సెక్కాడు.

డిగ్రీ పూర్తిచేసి, బీయెడ్ చదివి, చిత్తూరులోనే టీచరునయ్యాను. ఎనభైలలో ఇంట్లోనే రక్తం చూసుకునే పట్టీలు మద్రాసు నుంచి వచ్చాయి. ఖరీదెక్కువని ఒక్కో పట్టీని కత్తెరతో నిలువునా రెండుగా చీల్చి వాడుకునేవాళ్ళం. ఒక డబ్బా తీసుకుని సంబరంగా మామి దగ్గరికి వెళ్ళాను. అప్పటికే షుగరు ఆవిడ కళ్ళను దెబ్బతీసింది, రంగులు తెలియడం లేదు. వేలు నా చేతికిచ్చి, "నువ్వే చూడవే" అంది. రక్తం చుక్క పెట్టి, కాసేపాగి, దూదితో తుడిచి, డబ్బా మీది రంగులతో పోల్చాను. వరుసలో అన్నిటికంటే చివరిది. మామి మసకబారిన కళ్ళతో నావైపే తిరిగి కూర్చుంది. ఏదో ఒక మంచి రంగు చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. అది మామికి చేసే మేలు కాదని నాకు తెలుసు.

"చివరి రంగు మామీ. బాగా ఎక్కువుంది."

"గొంతు వణకలేదే నీకు!" అని మామి నా చేయి తడిమి నొక్కింది. "ఇంక నా కళ్ళు పోతే పోనీలే, నువ్వుండావు. పద, డాక్టరు దగ్గరికి పోదాం."

మామి పోయి చాలా ఏళ్ళయింది. బడిలో పిల్లల తప్పులైనా, ఇంట్లోవాళ్ళ జబ్బులైనా, నా ఒంటి సంగతైనా, ఉన్నది ఉన్నట్టు, ఎదుటి మనిషిని చిన్నబుచ్చకుండా చెప్పే గొంతు నాకు ఆవిడే ఇచ్చింది. ఆవిడ పేరు చెప్పేటప్పుడు మాత్రమే అది వణుకుతుంది.